బోడికారుకు కంబళి కొప్పె

మా ఇంటి ముందరి కళ్లంలో ఆ ఏడు చెనక్కాయలు ఆరబోయలేదు. వానల్లేక కాయలే పండలేదు, అది ఒక సంగతి. పండినా ఆరబోయడానికి చోటు లేదు, కళ్లం నడిమధ్యలో కారు నిలబడి ఉంది. నిలబడి ఉంది అంటే దానికి మర్యాద ఇచ్చినట్టే. చక్రాలు కూడా లేకుండా నాలుగు బండరాళ్ల మీద కూర్చుని ఉంది.

మా ఆయన ఆయిల్ ఇంజన్లు, పంపుసెట్లు బాగుచేసే మెకానిక్. పావగడ తాలూకాలో వల్లూరు దిక్కున ఆయన చెయ్యి పడని బావి తక్కువ. కానీ అవి వరసగా కరువు పట్టిన సంవత్సరాలు. బావిలో నీళ్లుంటేనే ఇంజను తిరుగుతుంది, తిరిగితేనే చెడుతుంది, చెడితేనే ఈయనకు పని. బావులన్నీ ఎండి ఇంజన్లన్నీ గోనెసంచులు కప్పుకుని పడుకుంటే, ఈయన కూడా అరుగు మీద పడుకుని ఇంటికప్పు దంతెలు లెక్కపెట్టుకుంటూ ఉండేవాడు. నేను జాకెట్లు కుట్టేదాన్ని. కరువొచ్చినా ఆడవాళ్లకు జాకెట్లు చినుగుతాయి కాబట్టి నా మిషను ఆగలేదు.

ఒకరోజు దారపుండలు తెమ్మని ఆయన్ని పావగడకు పంపించాను. దారం తేలేదు. సాయంత్రం ఎవరిదో ట్రాక్టరు ట్రాలీ మీద ఈ కారును ఎక్కించుకుని, దాని పక్కన పెళ్లికొడుకు మాదిరి నిలబడి వచ్చాడు. పావగడలో ఒక పాత కాంట్రాక్టరు ఇంటివాళ్లు షెడ్డు ఖాళీ చేస్తున్నారట. దొరల కాలపు ఇంగ్లండు కారట. తీసుకుపోతే చాలన్నారట. వద్దనడానికి నోరు రాలేదట.

నా కోపం మా పల్లెలో పేరున్న కోపం. ఆ కారును ఒకసారి చుట్టూ తిరిగి చూశాను. సీట్లలో కోళ్లు గుడ్లు పెట్టిన గడ్డి ఉంది. నేల రేకుకు చిల్లులు పడి కింద మట్టి కనిపిస్తోంది. ఇంజను తుప్పు ముద్ద. అన్నిటికంటే ముఖ్యంగా, దానికి పైకప్పు లేదు. ఇంటి కప్పు మీద నీళ్లు దిగకుండా పరిచిన జాలాడు మట్టి కొట్టుకుపోయినా పట్టించుకోని మనిషి, కప్పు లేని కారును ఇంటికి తెచ్చాడు. మూడు రోజులు ఆయనతో మాట్లాడలేదు. మాట్లాడకపోవడం ఆయనకు హాయిగా ఉందని తెలిసి నాలుగోరోజు మొదలుపెట్టాను.

పల్లె దానికి ఒక్క పూటలో పేరు పెట్టేసింది. బోడికారు. నా దగ్గర జాకెట్టు కొలత ఇవ్వడానికి వచ్చినామె కూడా, బోడికారు ఎప్పుడు కదుల్తుందని అడిగింది. నాకు ఒళ్లు మండింది. మా పుట్టింటి వైపు, మడకశిర దగ్గర, బోడి అంటే భర్త పోయిన ఆడదాన్ని తిట్టే మాట. మా అత్త అప్పటికి ఇరవై ఏళ్లుగా భర్త లేని మనిషి, పక్కనే కూర్చుని కదురు తిప్పుతూ ఉన్ని వడుకుతోంది. ఆమె వినేటట్టు ఆ మాట ఎట్లా అంటావని ఆ కొలత ఇచ్చినామె మీద విరుచుకుపడ్డాను. అత్త కదురు ఆపి నన్ను వింతగా చూసింది. ఆ తర్వాత నవ్వింది.

"నీకు గొర్రెలు తెలీవు పాపా. కొమ్ముల్లేని గొర్రెను బోడిది అంటారు. బోడిది పొడవదు, దడి ఇరగ్గొట్టదు. మందలో మంచిదే అది."

వాళ్లది తరాల నుంచి గొర్రెలు మేపిన వంశం. అత్త పెళ్లయ్యాకే వాళ్లు మందను తగ్గించి చెనక్కాయ సేద్యానికి దిగారు. నేను సేద్యగాళ్ల ఇంటి పిల్లను. నేను తిట్టుగా విన్న మాటను ఆమె మెచ్చుకోలుగా విన్నది. ఆ కొలత ఇచ్చినామెకు జాకెట్టు ఒకరోజు ముందే కుట్టి ఇచ్చాను, క్షమాపణ చెప్పే అలవాటు నాకు లేదు కాబట్టి.

ఇక్కడ అత్త సంగతి చెప్పాలి, ఎందుకంటే ఈ కారు కథ అంతా ఆమెదే. ఆమె పుట్టిల్లు నిడుగల్లు, ఆ పాత కోట కొండ కింద. అక్కడ ఆమెకు ఒక్క అక్క ఉంది. ఇద్దరూ చిన్నప్పుడు ఆ కొండ చుట్టూ గొర్రెలు మేపినవాళ్లు. అత్తకు తుంటి విరిగి, నాటువైద్యుడు కట్టు కట్టాక అతికింది కానీ, కర్ర లేకుండా నడవలేదు. ఎద్దులబండి కుదుపుకు ఆ తుంటి ఓర్చుకోదు. ఓర్చుకున్నా ఎద్దులు లేవు, మేత లేక అమ్మేశాం. ఇంక బస్సు. జీవితమంతా బయట గాలిలో బతికిన మనిషి, బస్సులో తలుపు మూసుకుంటే ఆమెకు ఊపిరాడదు. రెండుసార్లు ఎక్కించాం. ఒకసారి ఊరి పొలిమేర దాటకముందే వాంతి, రెండోసారి బస్సు ఆపించి దిగి నడిరోడ్డు మీద కూర్చుంది. అక్కను చూసి ఆరేళ్లు దాటింది.

మా వైపు ఏడాదికి రెండుసార్లు ఉన్ని కత్తిరించేవాళ్లు కత్తెరలు పట్టుకుని ఊరూరూ తిరుగుతారు. మాకు నిడుగల్లు కబురు తెచ్చేది వాళ్లే. ఆ ఏడు తెచ్చిన కబురు మంచిది కాదు. అక్కకు ఒక కన్ను పూర్తిగా పోయింది, రెండోది మసక బారుతోంది, గడప దాటడం మానేసింది. చూపు ఉండంగానే చెల్లెలి మొగం చూడాలని అడుగుతోందట. అత్త ఆ మాట విని కదురు చేతికి తీసుకుంది. ఆ రోజు వడికిన దారం మాత్రం అడుగడుక్కూ తెగింది.

కారు వచ్చిన వారానికి అత్త కర్ర పట్టుకుని కళ్లంలోకి వెళ్లింది. చుట్టూ తిరిగింది. కోళ్లు ఖాళీ చేసిన సీటు మీద మెల్లగా కూర్చుంది. రెండు పక్కలా చేతులు చాపి చూసుకుంది, ఏమీ తగల్లేదు. తలెత్తి చూసింది, పైన ఆకాశమే ఉంది.

"దీంట్లో అయితే నేను పోతా నాయనా," అంది కొడుకుతో.

మా ఆయన పానా పట్టుకుని కారు కిందికి దూరాడు. దాదాపు ఏడు నెలలు అక్కడే ఉన్నాడు. నేనూ ఆ రోజుతో కోపం కట్టిపెట్టాను. కట్టిపెట్టానంటే తిట్టడం మానలేదు, తిడుతూ పని చేశాను.

ఆ ఏడు నెలలు మా ఇంట్లో కరువు సంవత్సరంలా లేవు. పొద్దున్నే కళ్లంలో సుత్తి మోగేది. బిగుసుకుపోయిన ఇంజను సిలిండర్లలో కిరసనాయిలు, ఆముదం కలిపి పోసి, రోజూ పొద్దునా సాయంత్రమూ హ్యాండిలు వేసి లాగేవాడు. పన్నెండో రోజు అది వెంట్రుకవాసి కదిలింది. ఆ కదలడాన్ని నాకు చూపించాలని చేతిలో పిండితో ఉన్నదాన్ని వంటింట్లోంచి లాక్కొచ్చాడు. నాకేమీ కనపడలేదు. కనపడిందని చెప్పాను. వల్లూరు నుంచి బండ్లు చేసే వడ్లాయన వచ్చి, బండికి వేసినట్టే తుమ్మచెక్కతో నేల వేసి ఇచ్చాడు. చిల్లుల మీద నూనె డబ్బాల రేకు కోసి అతికించారు. జీపు చక్రాలు దానికి సరిపోయాయి. రేడియేటరు కారుతుంటే అందులో పసుపు పోస్తే చిల్లు పూడుతుందని ఎవరో డ్రైవరు చెప్పాడు, నా పసుపు డబ్బా ఖాళీ. స్ప్రింగు పట్టీలు విప్పి, తోమి, గ్రీసు పెట్టాడు. తల్లి తుంటి కోసం ముందు సీటులో కొబ్బరిపీచు మీద గొర్రె ఉన్ని దట్టంగా కూరితే నేను పైన గుడ్డ కుట్టాను. ఆ సీటు ఎంత బాగా వచ్చిందంటే, మధ్యాహ్నం పూట నేను కూడా అందులోనే కూర్చుని కాజాలు కుట్టేదాన్ని.

రంగు ఆకుపచ్చ. బ్రష్షుతోనే వేశాం. వేసిన రోజే గాలి లేచి సగం కళ్లం ధూళి దాని మీద అతుక్కుంది. రుద్ది మళ్లీ వేశాం, మళ్లీ గాలి లేచింది. మూడోసారి గాలి వస్తే రానీ అని వదిలేశాం. చేత్తో తడిమితే ఇప్పటికీ గరుకు తగులుతుంది.

అన్నీ అయ్యాక మా ఆయన కొత్త పాట ఎత్తుకున్నాడు. కారుకు మడిచే టాపు ఉండాలి. ఈ బండికి పూర్వం గుడ్డ టాపు ఉండేదని, వెనక్కి మడిచి ఉంచేవాళ్లని, ఆ చెక్క వంపులు పెట్టుకునే కొక్కేలు ఇంకా ఉన్నాయని చూపించాడు. ఎండకు తల్లి మాడిపోతుంది అన్నాడు. అసలు సంగతి, టాపు లేకపోతే ఆయన మనసుకు పని పూర్తయినట్టు లేదు. బుట్టలల్లేవాళ్ల దగ్గర వెదురు తెచ్చి, తడిపి వంచి, మూడు వంపులు చేశాడు. పైగుడ్డ కుట్టే పని నాది.

నేను ఆ తాలూకాలో పేరున్న దర్జీని అని నాకు గర్వం. నా జాకెట్టు చంక దగ్గర ముడత పడదు, భుజం జారదు. కారును కూడా అట్లాగే చూశాను. వంపులన్నీ పైకెత్తి నిలబెట్టించి, టేపు పట్టి అంగుళం అంగుళం కొలిచాను. బస్సు సీట్లకు వేసే రెక్సిను తెప్పించి, ఎక్కడా పిసరంత వదులు లేకుండా కత్తిరించి, రెండు వరసల కుట్టు వేశాను. ఎక్కించి చూస్తే డోలు మీద చర్మం మాదిరి కూర్చుంది. పల్లెకు పల్లే వచ్చి చూసి పొగిడింది. వడ్లాయన చేత్తో తట్టి చూశాడు. నేను కొంగు నడుముకు దోపుకుని నిలబడ్డాను.

మా ఆయన మడుద్దామని వంపులు వెనక్కి లాగాడు. టపటపమని రెండు పక్కలా కుట్లు చీలిపోయాయి, అందరి ముందరే. ఎవరూ ముందు నవ్వలేదు. ముందు నవ్వినవాడు మా ఆయనే. తర్వాత పల్లె అంతా నవ్వింది. నేను కత్తెర విసిరేశాను. అది పోయి పేడకుప్పలో పడింది, తర్వాత నేనే తీసుకుని కడుక్కోవాల్సి వచ్చింది.

ఆ సాయంత్రం అత్త నన్ను పిలిచి తన పక్కన కూర్చోబెట్టుకుంది. నేను కారుకు జాకెట్టు కుట్టానట. కారు అడిగింది జాకెట్టు కాదు, కొప్పె. కొప్పె అంటే గొర్రెలోళ్లు వానలో కంబళిని తల మీదుగా మడిచి వేసుకునే తీరు. అది ఒంటికి అంటకూడదు, చుట్టూ వదులుండాలి, లేస్తే లేవాలి, కూర్చుంటే కూర్చోవాలి. అట్లా చెప్పి తన పెట్టెలోంచి ఒక కంబళి తీసింది. నల్లగొర్రెల ఉన్నిది. ఆమె నాయన నేయించింది, పెళ్లిలో పుట్టింటి నుంచి ఆమెతో వచ్చింది.

చిన్నప్పుడు కొండ మీద వానొస్తే అక్కాచెల్లెళ్లు ఇద్దరూ అదే కంబళి కింద దూరేవాళ్లట. కానీ వాన హోరులో గొర్రెలు చెదురుతాయి, ఎవరో ఒకరు బయటికి పోయి లెక్క ఎంచి రావాలి. చిన్నది కాబట్టి ప్రతిసారీ అక్క తననే తరిమేదట. "నేను తడిసొచ్చేతలికి తను కంబళంతా చుట్టుకోని యెచ్చంగా కూసోని ఉంటాండె," అంది అత్త. అరవై ఏళ్ల తర్వాత కూడా ఆ కోపం తాజాగానే ఉంది. నాకు ఆమె మీద ముద్దు వచ్చింది.

ఒక్క షరతు పెట్టింది. కంబళికి కత్తెర తగలకూడదు. వాళ్ల ఇళ్లలో దేవుడికి ఆసనం పరిచేది కంబళే. దాన్ని కోయరు. కోయకుండా కుట్టడం నాకు రాదు, ఎవరూ నేర్పలేదు. అత్త కారులో వెనక సీట్లో కూర్చుని, కంబళిని తన తల మీద కొప్పెగా మడిచి చూపించింది. ఆ మడతనే పెద్దది చేసి, వంపుల మీద పరిచి, అంచుల్లో మాత్రం పెద్ద సూదితో కుట్టాను. కంబళి ఒక్కటీ చాలకపోతే వెనక భాగానికి ఆమెదే ఇంకో పాత కంబళి కలిపాను. నీళ్లు దిగకుండా నేతగాళ్లు పెట్టినట్టే చింతగింజల గంజి పూశాం. ఆ వాసనకు పక్కింటి మేకలు వచ్చి నాకబోతే అత్త కర్రతో కాపలా కాసింది. ఈసారి మడిస్తే మడత పడింది. లాగితే లేచింది. ముడతలు కూడా పడ్డాయి. నా జాకెట్లలో ఒక్కటి కూడా అంత ముడతలతో బయటికి పోలేదు, అయినా దాన్ని చూసి పడ్డంత సంతోషం ఏ జాకెట్టును చూసీ పడలేదు.

నీళ్లు నిలుస్తాయో లేదో చూడడానికి ఒక బిందె దాని మీద పోద్దామన్నాడు మా ఆయన. ఆ బిందె నేను అరమైలు నుంచి మోసుకొచ్చింది. ఆయన వైపు ఒక్క చూపు చూశాను. పరీక్ష వాయిదా పడింది.

ఇంజను అందుకున్న రోజు నాకు బాగా గుర్తు. హ్యాండిలు తిప్పీ తిప్పీ ముగ్గురు మగవాళ్లు చేతులెత్తేశారు. నాలుగోసారి మా ఆయన తిప్పితే అది తుమ్మింది, నల్లపొగ కక్కింది, కళ్లంలోని కోళ్లన్నీ ఇంటి కప్పెక్కాయి, ఆ తర్వాత నింపాదిగా కొట్టుకోవడం మొదలుపెట్టింది. ఆయన బానెట్టు మీద రెండు చేతులూ పెట్టుకుని నిలబడ్డాడు. రెండేళ్లుగా ఆయన వినని చప్పుడు అది, నడుస్తున్న ఇంజను చప్పుడు. ఆయన కళ్లు తుడుచుకుంటే పొగ అనుకుందామని నేనూ ఊరుకున్నాను.

మరుసటి శనివారం బయలుదేరాం. ముందు సీట్లో అత్త, కొత్త చీర, ఒళ్లో చుట్టూ గుడ్డ కట్టిన రాగిముద్దల గిన్నె. వెనక నేను. టాపు మడిచే ఉంది. పావగడలో శనేశ్వరుడి గుడి ముందు బండికి పూజ చేయించి, చక్రాల కింద నిమ్మకాయలు పెట్టి, నిడుగల్లు దారి పట్టాం. దారి పొడవునా జనం పొలాల్లోంచి నిలబడి చూశారు. పొలాల్లో చూడడానికి వేరే ఏమీ లేదు పాపం, ఎర్రమట్టి తప్ప. అత్తకు వాంతి రాలేదు. కొంగు గాలికి ఎగిరి నా మొహం మీద కొడుతుంటే పట్టించుకోకుండా, తెలిసిన ప్రతి గుట్టనూ మాకు చూపిస్తూ, ఎక్కడ ఏ గొర్రె ఈనిందో చెబుతూ వచ్చింది.

నిడుగల్లు కొండ కనిపించే వేళకు దాని తల మీద మబ్బు కమ్మింది. అట్లాంటి మబ్బులు ఎన్నో చూశాం కాబట్టి పట్టించుకోలేదు. ముందు మట్టి వాసన వచ్చింది. తర్వాత బానెట్టు మీద ఒక చినుకు పడి ఆవిరైంది. ఇంకో రెండు. అంతే, ఒక్కసారిగా దిగింది. మా ఆయన బండి ఆపి, టాపు ఎత్తడానికి వెనక్కి పరిగెత్తాడు. ఏడు నెలల కష్టానికి పరీక్ష వచ్చిందని ఆయన మొహం వెలిగిపోతోంది. అత్త కర్రతో ఆయన చెయ్యి మీద తట్టింది.

"మూడేండ్లుగా దీనికోసమే మొగం పైకెత్తి చూస్తిమి. వచ్చినాక మూత పెట్టుకుంటామా? పోనీ నాయనా."

మూత పెట్టలేదు. అట్లాగే పోయాం. నా జుట్టు, జాకెట్టు, ముందుసీట్లో కూరిన ఉన్ని, రాగిముద్దల గిన్నె, అన్నీ తడిశాయి. రోడ్డు పక్కన నీళ్లు ఎర్రగా పారాయి. పొలాల్లో మనుషులు పరిగెత్తకుండా నిలబడి తడుస్తూ మాకు చేతులూపారు. నేను గట్టిగా నవ్వాను. ఎందుకో తెలియదు, ఆపుకోలేకపోయాను. నడుపుతూ మా ఆయన కూడా నవ్వాడు.

అక్క ఇంటి ముందర బండి ఆగింది. తడిసిన సీట్లోంచి అత్త దిగలేకపోయింది, తుంటి పట్టేసింది. హారన్ మోగిస్తే, గోడ పట్టుకుని ఒక ముసలమ్మ గడప దాకా వచ్చింది. వానలోకి చెయ్యి చాపి, తడిమి, ఎవురు అని అడిగింది. మా ఆయన వెళ్లి ఆమెను ఎత్తుకున్నట్టే పట్టుకొచ్చి, తల్లి పక్కన కూర్చోబెట్టాడు. ఆమె తన మంచి కన్ను చెల్లెలి మొహానికి జానెడు దూరం పెట్టి చూసింది. నీళ్లు కారుతున్న ఆ మొహాన్ని చాలాసేపు, తీరిగ్గా చూసింది. చూపు సరిపోయింది. ఇద్దరూ ఏడ్చారు, వానలో ఎవరి ఏడుపు ఎంతో తెలియలేదు.

అప్పుడు అత్త కొడుకు వైపు తిరిగింది.

"ఇప్పుడు ముయ్యి," అంది.

మూసిన బండిలో ఊపిరాడని మనిషి ఆ మాట అంటే ఆయన ఒక క్షణం నమ్మలేదు. తర్వాత ఇద్దరం చెరోపక్క పట్టి టాపు లేపాం. కంబళి వదులుగా లేచి వాళ్ల తలల మీదుగా వంగింది. వాన దాని మీద పడి అంచుల్లోంచి జారిపోయింది, లోపలికి చుక్క దిగలేదు. తడి ఉన్ని వాసన, గొర్రెల వాసన, బయట ఉన్న మాకే గుప్పుమని కొట్టింది. లోపల ఇద్దరూ చేతులు పైకి చాచి కంబళిని తడుముకుంటున్నట్టు గుడ్డ మీద కదలిక కనిపించింది. ఆ తర్వాత అక్క గొంతు వినిపించింది.

"గొర్రెల్ని ఎవురే ఎంచాల్సింది?"

"నేను పోను," అంది మా అత్త.

"నువ్వొద్దులే, యెచ్చంగా కూసో. ఈ తూరి నేను పోతా."

ఇద్దరిలో ఎవరూ కదల్లేదు. నేనూ మా ఆయనా చెరోపక్కా టాపు పట్టుకుని, వాన వెలిసేదాకా అట్లాగే తడుస్తూ నిలబడ్డాం.